చందాపై వెలువడిన దుర్గచిత్రాలు: మొగిలి కనుమ, గుర్రంకొండ, బారామహల్ (1791–1808)

వ్యాససంగ్రహం

మూడవ మైసూరు యుద్ధం ముగిసిన తరువాత లండన్‌లో దక్షిణ భారత దృశ్యాల చెక్కడపు చిత్రగ్రంథాలు వరుసగా వెలువడ్డాయి. వీటిలో పలు గ్రంథాలకు ఆధారం ముందుగా పోగైన చందాదారులు, వారి అభిరుచిని లెక్కగట్టిన ప్రచురణకర్తలు. నేటి మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఆ యుద్ధరంగంలో భాగమే అయినా చిత్రగ్రంథాలలో వాటికి దక్కిన స్థానం సమానంగా లేదు. కుప్పానికి దక్షిణాన ఉన్న బారామహల్ దుర్గాలు మళ్లీ మళ్లీ చిత్రితమయ్యాయి. మదనపల్లెకు ఉత్తరాన ఉన్న గుర్రంకొండకు అటువంటి ప్రసిద్ధి రాలేదు. ఈ వ్యత్యాసానికి కారణాలను, ప్రాంతీయ చరిత్రకు ఆధారాలుగా ఈ ఫలకాలను వాడుకోవడంలో ఉన్న చిక్కులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: చందా ప్రచురణ, ఆక్వాటింట్, డానియెల్లులు, రాబర్ట్ హోమ్, గుర్రంకొండ, బారామహల్, మొగిలి కనుమ, మెకంజీ.

ఉపోద్ఘాతం

1791 ఫిబ్రవరిలో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ నాయకత్వంలోని కుంపిణీ సైన్యం వేలూరు నుండి కదిలింది. ఆంబూరు వైపు నుండి మైసూరు పీఠభూమికి ఎక్కుతుందని టిప్పు సుల్తాన్ అంచనా వేశాడు. ఆ అంచనాను బలపరిచేటట్టు కొంత దళాన్ని అటు నడిపించి, ప్రధాన సైన్యాన్ని మాత్రం చిత్తూరు మీదుగా మొగిలి కనుమకు మళ్లించారు. కనుమలో ప్రతిఘటన ఎదురుకాలేదు. ఫిరంగులు, సామగ్రి బండ్లు, ఎద్దులు పలమనేరు మైదానానికి చేరుకున్నాయి. అక్కడి నుండి కోలారు, హోసకోట మీదుగా సైన్యం మార్చి మొదటి వారంలో బెంగళూరు ముందు దిగింది. మార్చి 21న బెంగళూరు కోట పడిపోయింది.

ఈ నడక సైనిక చరిత్రలో అందరికీ తెలిసినదే. కళాచరిత్రలో దీని స్థానం మాత్రం అంతగా చర్చకు రాలేదు. మొగిలి కనుమ ఎక్కిన సైన్యాన్ని అనుసరించి, లేదా ఆ సైన్యంలోనే ఉండి, కాగితం మీద కొండలను గీసుకున్నవారు పలువురు. వారి చిత్రాలు రెండు మూడేళ్లలోనే లండన్‌లో రాగిరేకుల మీదికి ఎక్కి, పెద్ద పరిమాణపు గ్రంథాలుగా ధనికుల గ్రంథాలయాలకు చేరాయి. పలమనేరుకు ఉత్తరాన కొద్ది దూరంలోనే పుంగనూరు, ఆ పైన మదనపల్లె, గుర్రంకొండ. దక్షిణాన వెంకటగిరికోట, కుప్పం, ఆ దిగువన కృష్ణగిరి. కనుమ ఎక్కిన చిత్రకారునికి రెండు వైపులా కొండకోటలే. వాటిలో ఏవి పుస్తకంలోకి వెళ్లాయి, ఏవి వెళ్లలేదు అన్న ప్రశ్నకు సమాధానం చిత్రకారుని కన్నుకంటే ప్రచురణ పద్ధతిలోనే ఎక్కువగా దొరుకుతుంది.

చందా ఎలా నడిచింది

పెద్ద చిత్రగ్రంథానికి ముందుగా పెట్టవలసిన పెట్టుబడి ఎక్కువ. రాగిరేకులు, దళసరి కాగితం, చెక్కేవారి కూలి, అచ్చువేసేవారి కూలి, రంగులద్దేవారి కూలి, ఇవన్నీ ఒక్క ప్రతి కూడా అమ్ముడుపోకముందే చెల్లించవలసినవి. అందువల్ల చిత్రకారుడు ముందుగా ఒక ప్రకటన వేసేవాడు. ఎన్ని దృశ్యాలు, ఏ పరిమాణం, ఎంత ధర, ఎన్ని విడతలు అన్నది అందులో చెప్పేవాడు. పేరు నమోదు చేసుకున్నవారు కొంత సొమ్ము ముందుగానో, విడత అందగానో చెల్లించేవారు. గ్రంథం విడతలు విడతలుగా రావడం వల్ల మొదటి విడత రాబడి రెండవ విడత ఖర్చుకు అక్కరకు వచ్చేది. చందాదారుల పట్టికను గ్రంథం మొదట అచ్చువేయడం కూడా ఆ కాలపు ఆచారం. పట్టికలో ప్రభువుల పేర్లు కనిపిస్తే తక్కినవారికి చేరాలన్న ఆశ పుట్టేది.

భారతదేశంలో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున ప్రయత్నించినవారిలో థామస్ డానియెల్ ముందువరుసలోనివాడు. 1786లో అన్న కొడుకు విలియంతో కలిసి కలకత్తా చేరిన ఆయన, ఆ ఏడాదే నగరదృశ్యాలు పన్నెండింటిని పన్నెండు బంగారు మొహర్ల ధరకు చందాపై ఇస్తానని అక్కడి పత్రికలో ప్రకటించాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పయ్యేడు, విలియంకు పదిహేడు. నగరంలో ఆ పని తెలిసినవారు దొరకక చిత్రకారుడు, చెక్కేవాడు, అచ్చువేసేవాడు అన్నీ తానే కావలసి వచ్చిందని ఆయన మిత్రునికి రాసిన లేఖలో వాపోయాడు. 1788 నాటికి పన్నెండు ఫలకాలూ పూర్తయ్యాయి. వాటి మీద వచ్చిన రాబడి, తైలవర్ణ చిత్రాలను లాటరీ వేయడం ద్వారా వచ్చిన రాబడి ఆ తరువాతి యాత్రలకు ఖర్చయ్యాయి.

ఆక్వాటింట్ అనే ప్రక్రియ గురించి ఇక్కడ కొంత చెప్పుకోవాలి. రాగిరేకు మీద గుగ్గిలం వంటి జిగురుపదార్థపు సన్నని పొడిని చల్లి వేడి చేస్తే ఆ రేణువులు రేకుకు అంటుకుంటాయి. ఆమ్లంలో ముంచినపుడు రేణువుల నడుమ ఉన్న రాగి మాత్రమే తినివేయబడుతుంది. ఎక్కువసేపు ముంచిన భాగం ముదురు ఛాయనిస్తుంది, తక్కువసేపు ముంచినది లేత ఛాయనిస్తుంది. నీటిరంగుల చిత్రంలోని పలుచని నీడలను అనుకరించడానికి రేఖాచెక్కడం కంటే ఇది అనువైనది. అయితే ఆమ్లం కొరికిన సన్నని గుంతలు అచ్చుయంత్రం ఒత్తిడికి త్వరగా అరిగిపోతాయి. కొన్ని వందల ప్రతుల తరువాత ముద్ర పలచబడుతుంది. ఆ కారణంగా మొదటి ముద్రలు ఎవరికి అందుతాయన్నది చందాదారులకు పట్టింపుగా ఉండేది. ముందు పేరిచ్చినవారికి ముందు ముద్ర అన్న మాట చాలా ప్రకటనలలో ఒక ఆకర్షణ.

ఫలకం అడుగున తేదీ వేయడం వ్యాపారపు అలవాటు కాదు, చట్టపు అవసరం. 1735లో ఇంగ్లండ్ పార్లమెంటు చేసిన చెక్కడపు చిత్రాల హక్కుల చట్టం ప్రకారం ప్రచురణ తేదీ, హక్కుదారు పేరు రేకు మీదే ఉండాలి. దీనివల్ల నేటి పరిశోధకునికి అనుకోని మేలు జరిగింది. విడిగా చిరిగి వచ్చిన ఒక్క కాగితమైనా ఏ నెలలో, ఎవరి పేర వెలువడిందో తనంత తానే చెబుతుంది.

యుద్ధం తెచ్చిన పాఠకులు

1792 మార్చిలో శ్రీరంగపట్టణం సంధి జరిగింది. టిప్పు తన రాజ్యంలో సుమారు సగం వదులుకున్నాడు, ఇద్దరు కుమారులను బందీలుగా అప్పగించాడు. ఈ వార్త లండన్‌కు చేరిన తరువాత మైసూరు దృశ్యాలకు గిరాకీ పెరిగింది. 1793–94లలో మూడు గ్రంథాలు దాదాపు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. సర్వేయరు రాబర్ట్ కోల్‌బ్రూక్ పన్నెండు దృశ్యాల సంపుటి, సైనికాధికారి అలెగ్జాండర్ అలన్ ‘వ్యూస్ ఇన్ ది మైసూర్ కంట్రీ’, చిత్రకారుడు రాబర్ట్ హోమ్ ‘సెలెక్ట్ వ్యూస్ ఇన్ మైసూర్’ ఇవి. ఫిరంగిదళంలో లెఫ్టినెంటుగా పనిచేసి 1792లో మరణించిన జేమ్స్ హంటర్ గీసిన నలభై దృశ్యాలను ఎడ్వర్డ్ ఓర్మ్ 1805 ప్రాంతంలో గ్రంథంగా తెచ్చాడు. టిప్పు 1799లో మరణించిన తరువాత మరొకమారు గిరాకీ లేవడమే ఆ ఆలస్యపు ప్రచురణకు కారణమని ఊహించవచ్చు.

ఈ నలుగురిలో హోమ్ ఒక్కడే వృత్తి చిత్రకారుడు. 1791 జనవరిలో మద్రాసు చేరి, కారన్‌వాలిస్ సైన్యంతో వెళ్లడానికి అనుమతి పొందాడు. ఆయన గ్రంథంలో ఇరవై తొమ్మిది ఫలకాలు ఉన్నాయి. లండన్ పాల్‌మాల్ వీధిలో చిత్రశాల నడిపిన రాబర్ట్ బౌయర్ 1794లో దాన్ని ప్రచురించాడు. హోమ్ అప్పటికి ఇంకా భారతదేశంలోనే ఉన్నాడు. అంటే చెక్కినవారు ఆ కొండలను చూసినవారు కారు, చూసినవాడు చెక్కడాన్ని సరిదిద్దినవాడు కాడు. ఈ చిన్న విషయం తరువాత మళ్లీ అవసరమవుతుంది.

తక్కిన ముగ్గురూ అధికారులే. అలన్ 1799లో శ్రీరంగపట్టణం రాజప్రాసాదంలోకి శ్వేతపతాకంతో వెళ్లిన అధికారిగా, ఆ తరువాత కుంపిణీ డైరెక్టరుగా, పార్లమెంటు సభ్యునిగా చరిత్రలో కనిపిస్తాడు. కోల్‌బ్రూక్ బెంగాల్ సర్వేయర్ జనరల్ పదవిని అందుకున్నాడు. ఇటువంటి గ్రంథాలను కొనగలిగినవారిలో వారి సహచరులు, వారి కుటుంబాలు, కుంపిణీ వాటాదారులు గణనీయంగా ఉంటారని వేరే చెప్పనక్కరలేదు. అటువంటి పాఠకునికి కావలసినది తాను ముట్టడిలో నిలబడిన గోడ, తన తమ్ముడు పడిపోయిన కందకం. సావనదుర్గం, ఉత్తరిదుర్గం, బెంగళూరు, శ్రీరంగపట్టణం ఈ గ్రంథాలలో ప్రముఖంగా కనిపించడానికి మూలం అది. 1791 అక్టోబరులో నందిదుర్గం, డిసెంబరులో సావనదుర్గం కుంపిణీ సైన్యానికి చిక్కాయి. ఎవరూ ఎక్కలేరన్న పేరున్న కొండలను ఎక్కినట్టు చూపడం చిత్రానికి ఒక కథనిచ్చింది.

గుర్రంకొండ ఎందుకు వెనుకబడింది

అదే 1791లో గుర్రంకొండ వద్ద కూడా ముట్టడి సాగింది. మదనపల్లెకు ఉత్తరాన ఉన్న ఈ దుర్గం హైదరు బావమరిది మీర్ రజా అలీఖాన్ కుటుంబానికి స్థావరం. ఆయన కుమారుడు కమరుద్దీన్‌ఖాన్ టిప్పు సేనానులలో ప్రముఖుడు. కొండ కింద రంగీన్ మహల్ నేటికీ నిలిచి ఉంది. నిలువుగా లేచిన రాతిబోడు, దాని చుట్టూ కింది కోట, పైన ఎగువ కోట. దృశ్యంగా చూస్తే సావనదుర్గానికి ఏమాత్రం తీసిపోనిది.

ముట్టడి వేసినది నిజాం సైన్యం. దానికి తోడుగా ఒక కుంపిణీ దళం ఉంది. నవంబరులో కుంపిణీ దళం చొరవతో కింది కోట చేతికి వచ్చింది. ఎగువ కోట లొంగలేదు. నిజాం ప్రధానసైన్యం ముందుకు కదిలాక, డిసెంబరులో టిప్పు పెద్దకుమారుడు ఫతే హైదర్ మెరుపుదాడి చేసి ముట్టడిదారులను చెల్లాచెదురు చేశాడు. నిజాం సేనాని హాఫిజ్ ఫరీదుద్దీన్ ఆ ఘటనలో హతుడయ్యాడు. కోటకు బలగం, సామగ్రి చేరాయి. నిజాం దళాలు కింది కోటను తిరిగి పట్టుకున్నా, యుద్ధాంతం వరకు పైకోట మైసూరు చేతిలోనే ఉంది.

ఈ కథను ఒక చిత్రగ్రంథ ప్రచురణకర్త ఎలా చూస్తాడు? విజయం సగమే. నాయకత్వం మిత్రరాజ్యానిది. గోరా పటాలాల వీరమరణాలు పెద్దగా లేవు. చందాదారుల ఇళ్లలో ఈ పేరు తెలిసినవారు తక్కువ. 1791 నవంబరులోనే కృష్ణగిరి వద్ద కూడా కుంపిణీ దళం పేటను పట్టి, పైకోట ముందు విఫలమై వెనుదిరిగింది. అయినా కృష్ణగిరి సంధిలో కుంపిణీ భాగానికి వచ్చింది. గుర్రంకొండ రాలేదు. 1799 విభజనలో అది నిజాంకు దక్కింది, 1800లో దత్తమండలాలలో భాగంగా కుంపిణీకి చేరింది. చిత్రగ్రంథాల ప్రధాన తరంగం 1793–94లలో లేచినపుడు గుర్రంకొండ ఇంకా శత్రుభూమి. చిత్రకారుడు తీరికగా కూర్చుని గీయగల చోటు కాదు. అందం లేక వదిలివేయబడిందనే భావనకు ఆధారం కనిపించదు. సరిహద్దు గీత, చందాదారుని జ్ఞాపకం, ఈ రెండూ కలిసి ఆ పని చేశాయి.

పుంగనూరు విషయం వేరు. అక్కడ ముట్టడి దృశ్యానికి అవకాశమే తక్కువ. సైన్యాలు దాటిపోయిన దారి పక్కన, పాళెగాళ్ల ఏలుబడిలో మిగిలిన సీమ అది. దారులను, ధాన్యాన్ని, ఎద్దులను సమకూర్చిన సీమలు యుద్ధచిత్రాలలో సాధారణంగా కనిపించవు. ఈ లోటును చిత్రాల నుండి పూరించడం సాధ్యం కాదు.

డానియెల్లుల దక్షిణయాత్ర

థామస్, విలియం డానియెల్లులు 1792 మార్చి చివర మద్రాసులో దిగారు. ఏప్రిల్ రెండవ వారంలోనే బయలుదేరారు. శ్రీరంగపట్టణం సంధి జరిగి అప్పటికి మూడు నాలుగు వారాలు. వారు ఎంచుకున్న దారి యుద్ధం నడిచిన దారి. ఆ సంధిలో కుంపిణీకి దక్కిన బారామహల్ సీమలో రాయకోట, జగదేవి, వీరభద్రదుర్గం వంటి కొండకోటలను గీశారు, హోసూరును కూడా. ఆ తరువాత దక్షిణంగా తిరుచిరాపల్లి, మధుర, రామేశ్వరం, కన్యాకుమారి వైపు సాగి, 1793 ఆరంభానికి మద్రాసు తిరిగి వచ్చారు. అక్కడ తైలవర్ణ చిత్రాలను లాటరీ వేసి బొంబాయికి నావ ఎక్కారు.

బారామహల్‌కూ కుప్పానికీ ఉన్న సామీప్యం పటం చూస్తే అర్థమవుతుంది. కుప్పం నుండి కృష్ణగిరి సూటిగా కొలిస్తే 30 కిలోమీటర్ల లోపే. కుప్పం ముఖ్యస్థానంగా ఉన్న కంగుంది జమీందారీ ఈ సీమను ఆనుకొని ఉండేది. కంగుందిలోని రాతికొండ, దాని పాదాన ఉన్న కోటశిథిలాలు డానియెల్లుల ఫలకాలలోని కొండలకు తోబుట్టువుల వంటివి. నేలరంగు, గుండ్రాళ్ల పేర్పు, చెరువుకట్ట, కట్ట మీది చింతచెట్టు అన్నీ ఒకటే. నేటి రాష్ట్ర సరిహద్దు ఈ సామ్యాన్ని పరిశోధకుల దృష్టి నుండి తప్పించింది. ఆ ఫలకాలు ‘తమిళనాడు దృశ్యాలు’ అన్న వర్గంలో చేరిపోయాయి. కృష్ణగిరి, హోసూరు ప్రాంతాలలో తెలుగు మాట్లాడే గ్రామాలు నేటికీ విస్తారంగా ఉన్నాయన్న సంగతి ఆ వర్గీకరణలో కనబడదు.

ఫలకాల శీర్షికలలో ‘జాగ్ దేవ్’ అన్న పేరు ఒకటి కనిపిస్తుంది. ఆంగ్ల పాఠకునికి అది ఒక కొండ పేరు మాత్రమే. పెనుగొండను బీజాపూరు సేనల నుండి కాపాడి, విజయనగర ప్రభువుల నుండి ఈ సీమను పొందిన జగదేవరాయల పేరు అందులో దాగి ఉంది. బారామహల్ అన్న మాటకు పన్నెండు కోటల సీమ అని అర్థం చెప్పే స్థానిక సంప్రదాయం కూడా ఆయనతోనే ముడిపడి ఉంది. ‘వేరపద్రూగ్’ వీరభద్రదుర్గం. ‘ఊసూర్’ హోసూరు. శీర్షికలను చెవికి వినిపించినట్టు రాసుకున్న తీరు చూస్తే, స్థానికులను అడిగి పేర్లు తెలుసుకున్నారని తెలుస్తుంది. ఎవరిని అడిగారో ఫలకం చెప్పదు. పల్లకీ మోసినవారు, దుబాసీలు, దారి చూపినవారు, గుడారాలు వేసినవారు ఎవరి పేరూ గ్రంథంలోకి రాలేదు.

లండన్ చేరిన డానియెల్లులు హౌలండ్ వీధిలోని ఇంట్లో దాదాపు పదమూడేళ్లు ఒకే పనికి కట్టుబడ్డారు. 1795 నుండి 1808 వరకు ‘ఓరియంటల్ సీనరీ’ ఆరు భాగాలుగా, 144 ఫలకాలతో వెలువడింది. మొదటి ఫలకాలు హోమ్ గ్రంథాన్ని ప్రచురించిన బౌయర్ చిత్రశాల పేరుతోనే వచ్చాయి. బారామహల్ దృశ్యాలు మూడవ భాగంలో, అంటే 1801 తరువాత చేరాయి. గీసిన నాటికి చెక్కిన నాటికి మధ్య దాదాపు పదేళ్లు గడిచాయి. ఆ పదేళ్లలో టిప్పు మరణించాడు, మైసూరు వడయార్లకు తిరిగి దక్కింది, రాయకోట సరిహద్దు దుర్గంగా ఉండవలసిన అవసరం తీరిపోయింది. ఫలకంలోని నిశ్శబ్దం 1792 నాటిదా 1802 నాటిదా అన్నది తేల్చడం అంత సులభం కాదు.

పూర్తి గ్రంథం వెల 210 పౌన్లు. అంత ధర పెట్టగలవారు కొద్దిమందే. కానీ దాని ప్రభావం కొన్నవారితో ఆగలేదు. అల్సేస్‌లోని జూబర్ సంస్థ 1807లో తయారుచేసిన ‘హిందుస్తాన్’ గోడకాగితానికి, ఇంగ్లండ్‌లో తయారైన నీలిరంగు పింగాణీ పళ్లాలకు డానియెల్లుల దృశ్యాలు మూలమయ్యాయి. భారతదేశపు కొండ అంటే ఎలా ఉంటుందో యూరపు భోజనశాలలు ఈ దారిలో నేర్చుకున్నాయి.

ద్వీపాలూ దుర్గాలూ

చందా గ్రంథాలకు అమితంగా నచ్చిన మరొక వస్తువు ద్వీపం. దానికి స్పష్టమైన హద్దు ఉంటుంది; నావలోని యాత్రికునికి ఒక్క చూపులో అందుతుంది; ప్రకృతిదృశ్యం, పురావస్తువు పక్కపక్కనే దొరుకుతాయి. జేమ్స్ వేల్స్ బొంబాయి ద్వీపపు పన్నెండు దృశ్యాలు 1800లో, ఆయన మరణానంతరం లండన్‌లో గ్రంథంగా వచ్చాయి. డానియెల్లులు 1793లో ఎలిఫెంటా, సాల్సెట్ గుహలను చూసినది ఆయన తోడుతోనే. విలియం తమ్ముడు శామ్యూల్ డానియెల్ 1808లో సింహళద్వీపపు దృశ్యాలు, జంతువులు, జనుల చిత్రాలను పన్నెండు ఫలకాలలో వెలువరించాడు. హెన్రీ సాల్ట్ 1809 నాటి ఇరవై నాలుగు దృశ్యాలలో రామేశ్వరాలయం ఒకటి.

మైసూరు కొండకోటలను కూడా చిత్రకారులు ద్వీపాల వలెనే చూశారని చెప్పవచ్చు. సమతలం నుండి హఠాత్తుగా లేచిన శిల, చుట్టూ నీరు లేని సముద్రం వంటి చదునునేల. ఈ కూర్పులో కొండ చుట్టూ ఉండే గ్రామం, పేట, అంగడి, చెరువు ఆయకట్టు చిన్నబోతాయి. కోటను పోషించిన నేల కోట నుండి విడిపోతుంది. గుర్రంకొండను చూసిన ఎవరికైనా తెలుస్తుంది, పైకోట ఎంత భయంకరంగా ఉన్నా అధికారం నడిచినది కిందనే.

ఫలకాన్ని ఆధారంగా వాడుకోవడం

కళాశాలల సదస్సు పత్రాలలోను, స్థానిక చరిత్ర గ్రంథాలలోను ఈ ఫలకాలను ఇటీవల విరివిగా వాడుతున్నారు. ‘పద్దెనిమిదో శతాబ్దపు కోట ఇలా ఉండేది’ అన్న వివరణతో వాటిని అచ్చువేయడం పరిపాటి అయింది. కొన్ని జాగ్రత్తలు లేకుండా ఈ వాడుక మేలు చేయదు.

రంగును ఆధారంగా తీసుకోరాదు. ఆక్వాటింట్ మీద రంగులు లండన్‌లో పనివారు చేత్తో అద్దినవి. ఒకే ఫలకపు రెండు ప్రతులలో ఆకాశం రెండు విధాలుగా ఉండవచ్చు. పచ్చదనాన్ని చూసి ఆ ఏటి వర్షపాతాన్ని ఊహించడం హాస్యాస్పదమవుతుంది. రేకు మీద గీసినది కాగితం మీద కుడిఎడమలు తారుమారై పడుతుంది. అనుభవమున్న చెక్కేవాడు ముందే తిప్పి చెక్కుతాడు, తొందరపడినవాడు మరచిపోతాడు. నేటి స్థలంతో పోల్చకుండా బురుజు ఏ దిక్కున ఉందో ఫలకం చూసి చెప్పరాదు. డానియెల్లులు కెమెరా అబ్‌స్క్యూరా సాయంతో గీసి, స్వయంగా చెక్కుకున్నారు. కనుక కొండ ఆకృతి విషయంలో వారిని కొంత ఎక్కువగా నమ్మవచ్చు. హోమ్ ఫలకాలలో రేఖాచెక్కడం సూక్ష్మంగా ఉన్నా, ముందే చెప్పినట్టు చెక్కినవారు వేరు. ఎత్తును పెంచి, వాలును నిటారు చేయాలన్న ప్రలోభం లండన్ బల్ల ముందు కూర్చున్నవానికి ఎక్కువ.

ముందుభాగంలో కనిపించే మనుషులు అన్నిటికంటే తక్కువ నమ్మదగినవారు. ఒక చెట్టు, ఒక ఏనుగు, కూర్చున్న ఇద్దరు, కావడి మోసే ఒకడు, ఇవి దృశ్యానికి లోతును, కొలతను ఇవ్వడానికి చేర్చినవి. ఒకచోట గీసుకున్న ఆకృతులు మరొకచోటి కొండ ముందు నిలబడడం ఆ కాలపు చిత్రకళలో మామూలే. వేషధారణను బట్టి ఆ ఊరి కులవ్యవస్థను చర్చించిన పత్రాలు ఈ సంగతిని పట్టించుకోవలసి ఉంది.

మరొక ఇబ్బంది గ్రంథాలయ సూచికలది. మదనపల్లె 1911 వరకు కడప జిల్లాలో, పుంగనూరు, కుప్పం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. ఆ ఏట చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు ఇవి ఒకచోటికి చేరాయి. అంతకుముందటి చిత్రాలు, పటాలు ‘మైసూరు’, ‘బారామహల్’, ‘సేలం’, ‘కడప’, ‘కర్ణాటిక్’ అన్న శీర్షికల కింద చెదిరి ఉన్నాయి. ‘చిత్తూరు’ అని వెదికిన పరిశోధకునికి ఏమీ దొరకకపోవడం ఆ సీమకు చిత్రచరిత్ర లేదన్న తప్పుడు అభిప్రాయానికి దారితీసింది.

చందాదారులు లేని చిత్రాలు

ఇదే కాలంలో ఇదే నేల మీద మరొక విధమైన చిత్రసేకరణ జరిగింది. 1792 తరువాత నిజాం సైన్యంతో ఇంజనీరుగా, సర్వేయరుగా పనిచేసిన కాలిన్ మెకంజీ, 1799 తరువాత మైసూరు సర్వేకు నాయకత్వం వహించాడు. ఏలూరు ప్రాంతపు కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరులు లక్ష్మయ్య, రామస్వామి ఆయన సేకరణకు వెన్నెముకగా నిలిచారు. దత్తమండలాల గ్రామాల కైఫీయతులు ఆ కృషి ఫలితమే. 1828లో విల్సన్ తయారుచేసిన సూచిక ప్రకారం మెకంజీ సేకరణలో 2,630 చిత్రాలు ఉన్నాయి. ‘ఓరియంటల్ సీనరీ’ మొత్తం ఫలకాలకు అది పద్దెనిమిది రెట్లు.

వీటిలో అత్యధికం చందాదారుల కోసం చెక్కబడలేదు. ఎవరి గోడకూ తగినవి కావు. శాసనం ఉన్న రాయి, వీరగల్లు, గుడి స్తంభం మీది బొమ్మ, కోట నేలచిత్రం, ఇటువంటివి వాటిలో తరచుగా కనిపిస్తాయి. కొలత ఉంటుంది, ఆకాశం ఉండదు. ప్రాంతీయ చరిత్రకారునికి డానియెల్ ఫలకం కంటే ఇటువంటి ఒక నేలచిత్రమే ఎక్కువ పనికి వస్తుందనడంలో సందేహం లేదు. అయినా తెలుగులో వచ్చిన స్థానిక చరిత్రలు ముఖచిత్రానికి మాత్రం డానియెల్‌నే ఎంచుకుంటాయి. అందమైన బొమ్మ పక్కన కైఫీయతు వెలవెలబోతుంది.

కావలి వెంకట రామస్వామి ఈ విషయంలో ప్రత్యేకంగా గమనించదగినవాడు. మెకంజీ 1821లో మరణించిన తరువాత కలకత్తాలోనే ఉండి, 1828లో దక్కన్‌లోని పట్టణాలు, స్థలాల వర్ణనను ఆంగ్లంలో గ్రంథంగా వెలువరించాడు. మరుసటి ఏడు దక్కన్ కవుల జీవితాల గ్రంథం వచ్చింది. ఆంగ్ల పాఠకలోకానికి నేరుగా పుస్తకం అందించిన తొలి తెలుగువారిలో ఆయన ఒకడు. డానియెల్లులు తమ మొదటి చందా ప్రకటన వేసిన నగరం కూడా కలకత్తాయే. నలభై ఏళ్ల తరువాత అదే నగరంలో ఒక తెలుగువాడు తన దేశపు స్థలాలను మాటలతో చూపించాడు. ఫలకాలకయ్యే ఖర్చు ఆయన వంటివారికి అందుబాటులో ఉండేది కాదు. స్థలపురాణం, దూరం, దేవాలయం, పాలకుల వరుస, ఇవి ఆయన పద్ధతి. చూసేవాని దృష్టి కొండ మీద నిలిచే చోట ఆయన దృష్టి ఊరిపేరు మీద నిలిచింది.

1857 డిసెంబరులో మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు లిన్నేయస్ ట్రైప్ బెంగళూరు నుండి బయలుదేరి ముందుగా రాయకోటకు చేరుకున్నాడు. ఆయన తీసిన ఛాయాచిత్రాలు మరుసటి ఏడు ‘రాయకోట, సేలం జిల్లాలోని ఇతర స్థలాలు’ అన్న పేరిట సంపుటిగా వచ్చాయి. ఈసారి చందాదారులు లేరు, ఖర్చు ప్రభుత్వమే భరించింది. 1859లో గవర్నరుగా వచ్చిన ట్రెవెలియన్ ఆ ఖర్చు అనవసరమని భావించి ఛాయాగ్రాహకుని పని ఆపించాడు. ట్రైప్ దక్షిణంగా సేలం, శ్రీరంగం వైపు సాగిపోయాడు. అరవై అయిదేళ్ల కిందట డానియెల్లులు ఎన్నుకున్న కొండ ముందే ఆయన కూడా కెమెరా నిలిపాడు.